జంతువు ఉప్పునీటిది, మొక్క మంచినీటిది

(అమలాపురంలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగం ఇది. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. మాట తడబడిన చోట్ల తప్ప మరెక్కడా మార్చలేదు.)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ప్రాచీన సముద్ర జంతువుల పుట్టుక, నేలమీది మొక్కల పుట్టుక. నిజానికి ఇవి రెండు సాయంత్రాలకు సరిపడే రెండు విషయాలు. అయినా రెండింటినీ కలిపి చెప్పడానికి ఒప్పుకున్నాను. ఎందుకంటే మనలో చాలామంది, సైన్సు చదువుకున్నవాళ్ళు సైతం, ఈ రెండింటికీ కలిపి ఒకే కథ చెప్పుకుంటూ ఉంటారు. జీవం సముద్రంలో పుట్టింది, అక్కడే పెరిగింది, ఒకనాటికి గట్టెక్కి నేలమీదికి వచ్చింది, జంతువులూ అలాగే వచ్చాయి, మొక్కలూ అలాగే వచ్చాయి అనేదే ఆ కథ. ఇందులో జంతువుల భాగం చాలావరకు నిజం. మొక్కల భాగం నిజం కాదు. మన వరి కానివ్వండి, కొబ్బరి కానివ్వండి, వానాకాలం ప్రహరీగోడ మీద మెత్తగా పరుచుకునే ఆ చిన్న మాస్ మొక్క కానివ్వండి, అవేవీ సముద్రం నుంచి నేరుగా గట్టెక్కిన వంశం కాదు. వాటి పూర్వీకులు మంచినీటిలోనివి. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది, ఏ ఆధారంతో చెబుతున్నాం, ఎక్కడెక్కడ ఇంకా తగవు ఉంది అనేదే నేను మీ ముందు పెట్టదలచుకున్నది.

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకు రాయితో పరిచయం తక్కువ. మన కాళ్ళ కింద ఉన్నదంతా గోదావరి గత కొన్ని వేల ఏళ్ళలో తెచ్చి పోసిన ఒండ్రు. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు. ఆ లెక్కలో మన కోనసీమకు వయసనేదే లేదు. కాబట్టి శిలాజం చూడాలంటే డెల్టా అంచు దాటి మెట్టకు ఎక్కాలి. అక్కడ ద్వారకా తిరుమల వైపు రాఘవపురం పొరలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే మట్టిరాతి పొరలు ఉన్నాయి. 1871లో సింగరేణి బొగ్గును గుర్తించిన విలియం కింగ్, ఆ శతాబ్దంలోనే గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ళను కూడా పరిశీలించి వర్ణించాడు. పన్నెండు కోట్ల ఏళ్ళకు అటూ ఇటూగా వయసున్న ఆ రాఘవపురం పొరల్లో రెండు రకాల శిలాజాలు దొరుకుతాయి. ఒకటి టిలోఫిల్లం అనే, ఇప్పుడు అంతరించిన, చూడటానికి సైకస్ ఆకును పోలిన ఆకుల అచ్చులు. రెండోది అమ్మోనైట్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్లలో బతికిన సముద్ర జంతువులు. అమ్మోనైటు మీకు తెలియనిది కాదు. నేపాల్లోని గండకి నది నుంచి వచ్చి మన పూజామందిరాల్లో కూర్చున్న సాలగ్రామంలో కనిపించే చక్రం అమ్మోనైటు అచ్చే.

నేలమీది ఆకు, సముద్రంలోని గుల్ల ఒకే రాతిలోకి ఎలా చేరాయి? అది తీరం కాబట్టి చేరాయి. ఏరు ఆకును మోసుకొచ్చింది, సముద్రం గుల్లను ఇచ్చింది, బురద రెండింటినీ దాచింది. అయితే ఒకచోట పాతుకుపోయినంత మాత్రాన రెండింటి పుట్టుకా ఒకచోటే జరిగిందా? లేదు. ఆ ఆకు వంశం వేరే దారిలో వచ్చింది, ఆ గుల్ల వంశం వేరే దారిలో వచ్చింది. ముందు గుల్ల దారి చూద్దాం.

జీవం ఉన్నదనడానికి మంచి ఆధారాలు 348 కోట్ల ఏళ్ళ నాటివి ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్ళలో సూక్ష్మజీవుల పొరలు పేరుకుని ఏర్పడిన స్ట్రొమటోలైట్లు అవి. సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం, ఎండతో ఆహారం తయారుచేసుకునే సయనోబాక్టీరియా వదిలిన ఆక్సిజన్ గాలిలో పోగవడం మొదలైంది. ఆ తర్వాత కూడా వంద కోట్ల ఏళ్ళకు పైగా జంతువు అనదగినది ఏదీ లేదు. ఇది గమనించండి. జీవ చరిత్రలో అత్యధిక భాగం కంటికి కనిపించని ప్రాణులదే. మనం జంతువుల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కానీ, అవి చాలా ఆలస్యంగా వచ్చినవి.

జంతువులకు అతి దగ్గరి బంధువు ఎవరు? ఏనుగు కాదు, చేప కాదు, పురుగు కాదు, అవన్నీ జంతువులే. జంతువు కానిదాంట్లో జంతువుకు దగ్గరిది ఏది అని అడుగుతున్నాను. నీటిలో ఉండే కొయనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. ఒక కణం, దానికి కొరడాలాంటి తోక, అంటే ఒక కశాభం, ఆ కశాభం చుట్టూ సన్నటి పోగులతో ఒక కాలర్. కశాభం కదిలితే నీరు కదులుతుంది, ఆ పోగులకు బాక్టీరియా చిక్కుతుంది, కణం దాన్ని తింటుంది. నీటి అడుగున అతుక్కుని బతికే స్పంజికలు అనే జంతువుల లోపలి గదుల్లో కూడా అచ్చం ఇలాంటి కణాలే వరసగా ఉండి నీటిని తోడుతుంటాయి. ఈ పోలికను హెన్రీ జేమ్స్-క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1860లలోనే గుర్తించాడు. పోలిక ఒక్కటే అయితే నమ్మనక్కర్లేదు, ఎందుకంటే పోలికలు మోసం చేస్తాయి. దానికి ఒక ఉదాహరణ తర్వాత చెబుతాను. కానీ 2008లో మోనోసైగా అనే కొయనోఫ్లాజెల్లేటు జన్యువులన్నీ చదివినప్పుడు, జంతువుల కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండటానికి వాడే కాధెరిన్ రకపు ప్రోటీన్ల జన్యువులు అందులో కనిపించాయి. ఒంటరిగా బతికే కణానికి అంటుకునే ప్రోటీన్లు ఎందుకు? బహుశా ఆహారాన్ని పట్టుకోవడానికి, బహుశా గట్టిగా ఏదో ఒకదానికి అతుక్కోవడానికి. ఏమైనా, శరీరం కట్టడానికి కావలసిన సామాను శరీరం కన్నా ముందే ఉంది. పరిణామంలో ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. మొక్కల దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఇదే చెప్పవలసి వస్తుంది.

జంతువుల వంశవృక్షంలో మొట్టమొదట విడిపోయిన కొమ్మ ఏది అన్న విషయంలో తగవు ఇంకా సాగుతోంది. చాలాకాలం స్పంజికలే అన్నారు. 2008 నుంచి కొందరు టీనోఫోర్లు అంటున్నారు. ఇవి జెల్లీఫిష్‌లా పారదర్శకంగా ఉండి, ఒంటిమీద సన్నటి వెంట్రుకల్లాంటి శైలికల వరసలతో ఈదే సముద్ర జీవులు. 2023లో క్రోమోజోముల మీద జన్యువులు అమరిన తీరును పోల్చిన ఒక అధ్యయనం టీనోఫోర్ల పక్షాన బలమైన సాక్ష్యం చెప్పింది. స్పంజికల పక్షం వారు ఊరుకోలేదు. నాకైతే ఆ అమరిక ఆధారం బలంగానే కనిపిస్తోంది. ఒకసారి కలిసిపోయిన అమరికలు మళ్ళీ పాత పద్ధతిలోనే విడిపోవడం దాదాపు అసాధ్యం కాబట్టి అలా అంటున్నాను. స్పంజికలు గెలిచినా టీనోఫోర్లు గెలిచినా మన ప్రశ్నకు జవాబు మారదు. రెండూ నీటి జీవులే, టీనోఫోర్లయితే పూర్తిగా సముద్రానివి.

ఇక శిలాజాలు. 1946లో రెజినాల్డ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకారా కొండల్లో, ఇసుకరాతి పలకల మీద మెత్తటి శరీరాల అచ్చులు చూశాడు. 1957లో ఇంగ్లండులోని చార్న్‌వుడ్ అడవిలో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడికి రాతిమీద ఈనెలు తీర్చిన ఆకు వంటి అచ్చు కనిపించింది. ఆ రాయి, జంతు శిలాజాలు విరివిగా కనిపించడం మొదలయ్యే కాంబ్రియన్ యుగం కన్నా పాతదని అందరికీ తెలుసు కాబట్టి, అంతటి పాత రాళ్ళలో ఇంత పెద్ద జీవులు ఉండవన్న నమ్మకం దానితో పోయింది. ఇప్పుడు ఈ జీవుల కాలాన్ని 57.5 కోట్ల నుంచి 53.9 కోట్ల ఏళ్ళ క్రితం వరకు అంటున్నాం. వీటిలో డికిన్సోనియా అనేది బల్లపరుపుగా, గీతలు గీతలుగా ఉంటుంది. అది జంతువా, శిలీంధ్రమా, లైకెనా అని దశాబ్దాలు వాదించుకున్నారు. 2018లో రష్యాలోని శ్వేత సముద్ర తీరపు శిలాజాల మీద మిగిలిన సేంద్రియ పొరలో కొలెస్టరాల్ నుంచి వచ్చిన అణువులు పుష్కలంగా దొరికాయి. కొలెస్టరాల్ ప్రధానంగా జంతు కణాల లక్షణం. అంటే డాక్టరుగారు మనకు పరీక్ష రాసే ఆ పదార్థమే 55 కోట్ల ఏళ్ళ నాటి జీవి ఏ వర్గానిదో తేల్చింది.

పోలికలు మోసం చేస్తాయని అన్నాను కదా. 2021లో మన దేశంలోనే, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల్లో ఒక గుహ కప్పు మీద డికిన్సోనియా శిలాజం ఉందని ప్రకటన వచ్చింది. పత్రికల్లో పెద్దగా వేశారు. తర్వాత మరో బృందం వెళ్ళి దగ్గర నుంచి పరిశీలించి, అది పెద్ద తేనెటీగల పట్టు రాలిపోగా మిగిలిన మరక అని 2023లో తేల్చింది. మొదట ప్రకటించినవారు కూడా ఒప్పుకున్నారు. దీన్ని ఎగతాళికి చెప్పడం లేదు. ఆ రెండేళ్ళలో ఆ గుహను ఆధారంగా చేసుకుని అక్కడి రాళ్ళ వయసు మీద కూడా వాదనలు నడిచాయి. ఒక మరక అంత పని చేసింది.

ఎడియాకారా జీవుల్లో నోరు, కాళ్ళు, కళ్ళు స్పష్టంగా ఉన్నవి దాదాపు లేవు. ఆ తర్వాత 53.9 కోట్ల ఏళ్ళ దగ్గర కాంబ్రియన్ యుగం మొదలవుతుంది. ఆ ఆరంభానికి గుర్తుగా ఎంచుకున్నది ఎముకనో గుల్లనో కాదు, బురదలో ఒక పురుగు వంకరటింకరగా తవ్వుకుపోయిన బొరియ. అది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఉంది. అప్పటిదాకా సముద్రపు అడుగున సూక్ష్మజీవుల పొర పరుచుకుని గట్టిగా ఉండేది. దాన్ని తవ్వే జంతువు వచ్చింది. తవ్వితే లోపలికి ఆక్సిజన్ దిగుతుంది, పాతుకున్న ఆహారం పైకి వస్తుంది, దాన్ని తినడానికి ఇంకొకటి వస్తుంది, దాన్ని పట్టడానికి మరొకటి వస్తుంది. పట్టేది ఉంది కాబట్టి గుల్ల కావాలి, ముల్లు కావాలి, చూడటానికి కన్ను కావాలి. సుమారు రెండు కోట్ల ఏళ్ళలో నేటి జంతు వర్గాల్లో చాలావాటికి మూలపురుషులు శిలాజాల్లో కనిపిస్తాయి. దీన్ని కాంబ్రియన్ విస్ఫోటనం అంటారు. రెండు కోట్ల ఏళ్ళు పట్టిన దాన్ని విస్ఫోటనం అనడం నాకు అంతగా నచ్చదు, కానీ వాడుకలో స్థిరపడిపోయింది.

ఆ కాలపు సముద్రాన్ని మనకు చూపించినవి ముఖ్యంగా రెండు చోట్లు. 1909లో చార్లెస్ వాల్కాట్ కెనడా పర్వతాల్లో కనుగొన్న బర్జెస్ షేల్ ఒకటి, వయసు 50.8 కోట్ల ఏళ్ళు. 1984లో చైనాలోని యునాన్‌లో హౌ షియన్‌గ్వాంగ్ కనుగొన్న చెంగ్‌జియాంగ్ మరొకటి, వయసు 51.8 కోట్ల ఏళ్ళు. అక్కడ గుల్లలే కాదు, పేగులు, మొప్పలు, కళ్ళు కూడా రాతి మీద అచ్చుపడ్డాయి. రొయ్యల ప్రాంతం వారికి చెప్పవలసిన ముచ్చట ఒకటుంది. 1892లో అనోమలోకారిస్ అని పేరు పెట్టినప్పుడు దాన్ని తల లేని రొయ్య మొండెం అనుకున్నారు. తర్వాత వేరే చోట గుండ్రటి ముక్క దొరికితే జెల్లీఫిష్ అనుకుని దానికి వేరే పేరు పెట్టారు. 1985లో విటింగ్టన్, బ్రిగ్స్ అనే శాస్త్రజ్ఞులు ఇద్దరూ కలిసి చూపించిందేమిటంటే, ఆ రొయ్య మొండెం ఒక పెద్ద వేటజంతువు ముందు చేయి, ఆ జెల్లీఫిష్ దాని నోరు. అప్పటి సముద్రంలో అతిపెద్ద జంతువుల్లో అది ఒకటి. హాలుసిజెనియా అనే మరో చిన్న జంతువును 1977లో తలకిందులుగా నిలబెట్టి, వీపు ముళ్ళను కాళ్ళన్నారు. 1991లో చైనా శిలాజాలు చూశాక తిరగేశారు. ముందేదో వెనకేదో తేలడానికి 2015 దాకా పట్టింది. ఇంత సాక్ష్యం ఉన్నా ఇంత కష్టం. చెంగ్‌జియాంగ్‌లోనే బొటనవేలంత కూడా లేని మిల్లోకున్మింజియా వంటి తొలి చేపలు ఉన్నాయి, మన వెన్నెముక వంశం అటు నుంచి వస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా సముద్రంలోనే జరిగింది. స్పంజిక, జెల్లీఫిష్, ఒంటిమీద పెంకుతో బతికి అంతరించిపోయిన ట్రైలోబైటు, గుల్ల, తొలి చేప, అన్నీ ఉప్పునీటివే. జంతువుల విషయంలో పాత కథ నిలబడుతుంది. ఇప్పుడు మొక్క దగ్గరికి వద్దాం.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మొక్క సముద్రం నుంచి వచ్చి ఉంటే, సముద్రపు నాచుల్లో ఏది దానికి దగ్గరి బంధువై ఉండాలి? విశాఖ తీరంలో రాళ్ళకు పట్టి ఉండే అల్వా ఉంది, పచ్చగా ఆకులా ఉంటుంది. ఎర్ర నాచులున్నాయి, గోధుమరంగు నాచులున్నాయి. ఇవి కోట్లాది ఏళ్ళుగా ఆటుపోట్ల మధ్యే ఉన్నాయి. రోజుకు రెండుసార్లు నీరు వదిలి వెళుతుంది, రోజుకు రెండుసార్లు ఎండ తగులుతుంది. నేలమీదికి రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఉంటుందా? అయినా వాటిలో ఒక్కటి కూడా అడవి కాలేదు. ఎందుకు కాలేదు?

పచ్చ శైవలాల, అంటే పచ్చ నాచుల వంశం ఎన్నో కోట్ల ఏళ్ళ క్రితమే రెండుగా చీలింది. అల్వా ఉన్నది ఒక పాయ. రెండో పాయలో చారా, కోలియోకీట్, మీరు ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో చూసిన స్పైరోగైరా ఉన్నాయి. ఈ రెండో పాయ దాదాపు మొత్తం మంచినీటిలోనూ తడినేల మీదా బతుకుతుంది. నేలమీది మొక్కలన్నీ, ఒక్కటి మినహాయింపు లేకుండా, ఈ రెండో పాయలోంచి వచ్చిన ఒకే ఒక కొమ్మ.

ఇది ఎలా తేలింది అన్నదానిలో మన దేశానికి సంబంధించిన ఒక మంచి ఘట్టం ఉంది. భారతీయ శైవల శాస్త్రానికి పితామహుడనదగిన ఎం.ఓ.పి. అయ్యంగార్ మద్రాసులో పనిచేస్తూ 1932లో ఫ్రిట్షియెల్లా అనే నాచును వర్ణించారు. అది తడిమట్టి మీద పెరుగుతుంది. మట్టిలోకి కొన్ని పోగులు, నేలమీద పాకే భాగం, పైకి లేచే కొమ్మలు ఉంటాయి. చూస్తే చిన్న మొక్కే. మా తరం చదివిన పుస్తకాల్లో నేల మొక్కలకు మూలపురుషుడు ఇలాంటిదే అయి ఉంటుందని ఉండేది, అలా అనుకోవడానికి అప్పట్లో కారణమూ ఉంది. 1970ల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణం రెండుగా విడిపోయే తీరును గమనించారు. విడిపోతున్న రెండు కణాల మధ్య గోడ లేచే చోట సన్నటి నాళికలు ఉంటాయి. వరిలో, మాస్‌లో, చారాలో ఆ నాళికలు కొత్త గోడకు అడ్డంగా, గోడను దాటుతున్నట్టు నిలుస్తాయి. ఫ్రిట్షియెల్లాలో అవి గోడకు సమాంతరంగా పడుకుంటాయి. అంటే అది అల్వా పాయకు చెందినది. బయటి రూపం మొక్కదే, లోపలి పద్ధతి వేరు. అయ్యంగార్ వర్ణన మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు. మారింది దాని మీద కట్టిన ఊహ.

ఆ తర్వాత చారా వంతు వచ్చింది. మన చెరువుల్లో, వరి మడుల్లో కణుపులు కణుపులుగా పెరిగే ఈ నాచు చూడటానికి చిన్న మొక్కలాగే ఉంటుంది. దాని కాయల మీద సున్నం పేరుకుంటుంది కాబట్టి శిలాజాలు బాగా మిగులుతాయి. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపు పొరల్లో, ఆవగింజకన్నా చిన్నవిగా మెలితిరిగిన గీతలతో ఈ కాయలు దొరికాయి. నేల మొక్కలకు చారాయే అతి దగ్గరి బంధువని చాలాకాలం అనుకున్నాం. 2014 నాటికి వందల జన్యువులను ఒకేసారి పోల్చగలిగాక జవాబు మారింది. దగ్గరి బంధువు చారా కాదు, స్పైరోగైరా కుటుంబం. కణుపులు లేవు, కొమ్మలు లేవు, ఈదే బీజకణాలు కూడా లేవు, ఒట్టి పోగు. రూపాన్ని చూసి ఎవరూ ఊహించరు. ఆ కుటుంబం ఒకప్పటి సంక్లిష్టతను వదులుకుని సరళమైందని ఇప్పుడు అనుకుంటున్నాం.

మంచినీరే ఎందుకు? నా ఉద్దేశంలో జవాబు వానలో ఉంది. నేలమీద పడేది మంచినీరు. సముద్రపు నాచు కణం ఉప్పుకు సరిపోయేలా లోపల లవణాలనూ ఇతర పదార్థాలనూ పట్టి ఉంచుతుంది; దాని మీద వాన కురిస్తే నీరు లోపలికి తోసుకొస్తుంది. మంచినీటి నాచుకు ఆ బాధ ఎప్పుడో తీరిపోయింది. రెండో కారణం, సముద్రం ఎండదు, గుంట ఎండుతుంది. ఎండే గుంటలో ఉండేది ఎండను తట్టుకోవడం నేర్చుకోవాలి, లేదా నశించాలి. స్పైరోగైరా కలయిక తర్వాత ఏర్పడే జైగోస్పోరు గోడ ఎంత గట్టిదో మీకు తెలుసు. గుంట ఎండినా మట్టిలో అది నిలుస్తుంది. 2019లో ఈ కుటుంబంలోనే తడినేల మీద బతికే రెండు జాతుల జన్యువులు చదివారు. అబ్సిసిక్ ఆమ్లాన్ని గుర్తించే గ్రాహకానికి సంబంధించిన జన్యువు అందులో కనిపించింది. నీరు తగ్గినప్పుడు మీ వరి ఆకు పత్రరంధ్రాలను మూసుకునేది ఆ ఆమ్లం సంకేతంతోనే. అంతకన్నా విచిత్రం, ఆ జన్యువు మొదట్లో మట్టిలోని బాక్టీరియా నుంచి వీటి పూర్వీకులకు చేరిందని ఆ పరిశోధకుల అభిప్రాయం. ఇందాక జంతువుల దగ్గర చెప్పినదే మళ్ళీ చెబుతున్నాను: సామాను ముందే ఉంది, అడవి తర్వాత వచ్చింది.

శిలాజాల్లో మొదట కనిపించేది మొక్క కాదు, మాస్ వంటి మొక్కలు విత్తనానికి బదులు వెదజల్లే పొడిలాంటి సిద్ధబీజం. అర్జెంటీనా రాళ్ళలో సుమారు 47 కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. 43 కోట్ల ఏళ్ళ దగ్గర కుక్‌సోనియా అనే, అగ్గిపుల్ల కన్నా పెద్దది కాని, ఆకులు లేని చీలిక కాడల మొక్క కనిపిస్తుంది. ఆ తర్వాత స్కాట్లండులోని రైనీ. ఇది నాకు అత్యంత ఇష్టమైన చోటు, కాబట్టి ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటాను. 40.7 కోట్ల ఏళ్ళ క్రితం అక్కడి వేడినీటి ఊటల్లోని సిలికా మొక్కలను నిలుచున్నవాటిని నిలుచున్నట్టే ముంచేసి రాయి చేసింది. 1912 ప్రాంతంలో విలియం మేకీ అనే వైద్యుడు పొలం గోడల్లోని రాళ్ళలో వీటిని గమనించాడు. కిడ్‌స్టన్, లాంగ్ అనే శాస్త్రజ్ఞులు వాటిని 1917 నుంచి 1921 వరకు వర్ణించారు. రాతిని పలచగా కోసి చూస్తే కణం కణం కనిపిస్తుంది, పత్రరంధ్రాలు కనిపిస్తాయి. వాటికి వేర్లు లేవు. వేర్లు లేనివి నేలలోంచి భాస్వరం ఎలా తీసుకున్నాయి? 1994లో దానికి సాక్ష్యం ప్రచురించారు: అగ్లావోఫైటాన్ అనే మొక్క కణాల లోపల శిలీంధ్రం చెట్టులా కొమ్మలు వేసి ఉంది. ఇప్పటి మొక్కల్లో అధిక భాగానికి ఉన్న మైకోరైజా సంబంధం ఇదే. అంటే వేరు పుట్టకముందే శిలీంధ్రంతో పొత్తు కుదిరింది.

వేర్లు, ఆకులు, విత్తనం ఏ వరసలో వచ్చాయో మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి అది వదిలేస్తున్నాను. 38.6 కోట్ల ఏళ్ళ నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని కైరో దగ్గర పెద్ద పెద్ద వేళ్ళున్న అడవి ఉందని మాత్రం గుర్తుంచుకుంటే చాలు. ఎందుకంటే ఇక్కడే రెండు కథలూ కలుస్తాయి.

వేరు రాతిని పగలగొడుతుంది. రాతిలోని భాస్వరం విడుదలవుతుంది. వాన దాన్ని ఏటిలోకి, ఏరు సముద్రంలోకి తీసుకుపోతుంది. డెవోనియన్ యుగం చివర, 37 కోట్ల ఏళ్ళ ప్రాంతంలో, సముద్రాల్లో పగడపు దిబ్బలు కూలిపోయాయి, ట్రైలోబైట్లలో చాలా వంశాలు పోయాయి, అడుగున ఆక్సిజన్ లేదని చెప్పే నల్లటి బురదరాళ్ళు విస్తారంగా ఏర్పడ్డాయి. దీనికి నేలమీద అడవులు పెరగడం ఒక కారణమని 1990ల నుంచి ఒక వాదన ఉంది. మీలో చెరువులున్నవారికి దీన్ని వివరించనక్కర్లేదు. మేత ఎక్కువైతే నీరు పచ్చబడుతుంది. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఆ నాచే ఆక్సిజన్ వాడుకుంటుంది, చచ్చినది అడుగున కుళ్ళుతూ మిగిలినది లాగేస్తుంది. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. ఆనాటి సముద్రానికి ఏరియేటర్లు లేవు. ఈ వాదన పూర్తిగా రుజువైనది కాదు, అగ్నిపర్వతాలూ వాతావరణపు మార్పులూ కూడా పోటీలో ఉన్నాయి. కానీ మంచినీటి నుంచి వచ్చిన వంశం నేలను మార్చి, ఆ నేల ద్వారా ఉప్పునీటి వంశాన్ని దెబ్బతీసి ఉండవచ్చన్నది తోసిపుచ్చగల ఆలోచన కాదు.

జంతువులు నేలమీదికి రావడం గురించి క్లుప్తంగా చెబుతాను. మొక్కలు ఒక్కసారే వచ్చాయి. జంతువులు చాలాసార్లు, చాలా దారుల్లో వచ్చాయి: జెర్రుల వంశం, సాలీళ్ళ వంశం, నత్తలు, పీతలు వేరు వేరుగా వచ్చాయి, వెన్నెముక జీవులు మరో దారిలో వచ్చాయి. 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన 37.5 కోట్ల ఏళ్ళ నాటి టిక్టాలిక్‌కు చేప పొలుసులూ మణికట్టును తలపించే ఎముకలూ రెండూ ఉన్నాయి. అది కూడా బతికింది నిస్సారమైన ఎడారి ఒడ్డున కాదు, అప్పటికే మొక్కలున్న ఏటి పాయల్లో. ఇందాక ఎవరో చేయి ఎత్తారు. కాకినాడ దగ్గరి కోరంగి బురదలో గెంతే చేప గురించే అయి ఉంటుంది. ఆ చేప మన పూర్వీకుడు కాదండి. అది మామూలు చేపల వంశంలోది, చాలా ఇటీవల సొంతంగా బురదెక్కింది. టిక్టాలిక్ వంశం వేరు.

ఆఖరుగా కోరంగి మడ అడవి. మొక్క మంచినీటిదని ఇంతసేపు చెప్పాను, మరి ఉప్పునీటిలో నిలబడిన ఈ చెట్ల సంగతేమిటని మీరు అడగాలి. మడ చెట్లు పూలు పూసే చెట్లు. వాటి పూర్వీకులు లోతట్టు నేలమీదివి. అవి తిరిగి ఉప్పులోకి దిగాయి. ఒక్క వంశంగా కాదు, వేరు వేరు కుటుంబాలు వేరు వేరుగా దిగాయి, కాబట్టే ఉప్పుతో వేగే పద్ధతి కూడా ఒక్కటి కాదు. వీటిలో అవిసెన్నియా అనే మడ చెట్టు ఆకు గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి వదులుతుంది, ఎండపూట ఆకు మీద తెల్లటి పలుకులు కనిపిస్తాయి. మడ అడవిలోనే ఉండే ఉప్పుపొన్న (రైజోఫోరా) జాతి చెట్లు చాలావరకు వేరు దగ్గరే ఉప్పును ఆపుతాయి, గింజను చెట్టు మీదే మొలిపించి కిందికి వదులుతాయి. అవిసెన్నియా చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు గాలి కోసం. సముద్రపు నాచు నుంచి మడ చెట్టు వచ్చిందనుకుంటే ఇంత తంటాలు ఎందుకు పడవలసి వచ్చిందో అర్థం కాదు. మంచినీటి వంశం ఉప్పులో కాపురం పెట్టిందనుకుంటే ప్రతి ఒక్కటీ అర్థమవుతుంది.

ఈ తిరుగు ప్రయాణం ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటి మన దేశం నడిబొడ్డున ఉంది. నైపా అనే తాటి జాతి మడ మొక్క ఇప్పుడు సుందరబన్స్‌లో, అండమాన్‌లో ఉంది. దాని కాయల శిలాజాలు మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా జిల్లా మొహగావ్ కలాన్‌లో, దక్కను లావా పొరల మధ్య దొరికాయి. ఇప్పటి తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో మడ మొక్క ఏమిటి? సముద్రపు పాయ ఒకటి అక్కడిదాకా లోపలికి వెళ్ళి ఉండాలని కొందరన్నారు. అది నర్మద లోయ వెంట పడమటి నుంచి వెళ్ళిందని ఒక వాదన, గోదావరి లోయ వెంట మన వైపు నుంచే వెళ్ళి ఉండవచ్చని మరొక వాదన. కాతేరు పొరల్లో మంచినీటి చారా కాయలతో పాటు ఉప్పునీటి గుల్లలు కూడా ఉండటం వల్ల, ఆ కాలంలో తీరం ఇక్కడే ఉండి ముందుకూ వెనక్కూ జరిగిందని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. అక్కడి నుంచి ఛింద్వాడా దాకా నీరు వెళ్ళిందా లేదా అనేది ఇంకా తేలలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.